టీ కొట్టు దగ్గర జరిగే రెండో మీటింగ్

గుంటూరు మిర్చి యార్డులో ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చాయంటే తెల్లారకముందే లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. సరుకు దించే పని హమాలీ ముఠాలది. లారీ మీద ఇద్దరు టిక్కీని, అంటే మిర్చి బస్తాని, అంచుదాకా జరుపుతారు. కింద ఒకడు వీపు వంచి నిలబడతాడు. నలభై కిలోల పైచిలుకు బరువు వాడి వీపు మీద కుదురుగా కూర్చున్నాక గానీ పైవాళ్లు చెయ్యి వదలరు. మూతికి తుండుగుడ్డ, ఘాటుకి ఎర్రబడ్డ కళ్లు, మాటలు తక్కువ. కొత్తగా చేరిన కుర్రాడు తొందరపడి ఒక్క క్షణం ముందు వదిలాడనుకోండి, పక్కనున్న పెద్దాయన "ఏంది అబ్బాయ్, కింద మనిషున్నాడు" అంటాడు. ఆ ఒక్క మాట చాలు. ఎన్ని టిక్కీలు దించారన్న లెక్క మీద వచ్చిన కూలిని చాలా ముఠాల్లో ఒకచోట చేర్చి వాటాలు వేసుకుంటారు. ఎవడు ఆలస్యంగా వచ్చాడో, ఎవడు బరువు తప్పించుకుని తిరిగాడో మేస్త్రీకి ఎవరూ చాడీలు చెప్పక్కర్లేదు. అందరి కళ్ల ముందే ఉంటుంది.

ఈ ముఠాకి హెచ్‌ఆర్ మేనేజర్ లేడు. విలువల పట్టిక గోడకి తగిలించుకోలేదు. ఏడాదికోసారి రిసార్టుకి తీసుకెళ్లి తాడు లాగించే ఆటలూ లేవు.

అక్కడి నుంచి విజయవాడ వచ్చి బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఏదో ఒక ఆఫీసులోకి వెళ్లండి. రిసెప్షన్ వెనక గోడ మీద సమష్టితత్వం, నిజాయితీ, పారదర్శకత అద్దాల ఫ్రేములో మెరుస్తుంటాయి. లోపల మీటింగ్ నడుస్తుంటుంది. నెలాఖరుకల్లా పని పూర్తి కావాలని మేనేజర్ చెప్తాడు. "ఎవరికైనా డౌట్లున్నాయా?" అంటాడు. ఎవరూ నోరు మెదపరు. "ఓకే సార్" అనేసి బయటికొస్తారు. కాసేపటికి అదే మనుషులు కింద టీ కొట్టు దగ్గర తేలతారు.

"నెలాఖరుకి ఎట్టా అవుద్దిరా? సరుకే ఇంకా రాలా."

"మరి లోపల చెప్పొచ్చుగా?"

"నేనెందుకు చెప్పాలి? పోయినసారి చెప్పినోడికి ఏమైందో చూశాంగా."

అసలు సమాచారమంతా ఈ రెండో మీటింగ్‌లోనే ఉంటుంది. పని ఎక్కడ ఆగిందో, ఎవరి వల్ల ఆగిందో, ఏం చేస్తే కదులుతుందో టీ తాగేవాళ్లకి తెలుసు. తెలియాల్సిన మనిషికి మాత్రం తెలియదు. ఒక సంస్థలో సంస్కృతి ఎంత గట్టిగా ఉందో చూడాలంటే ఈ రెండు మీటింగుల మధ్య దూరం ఎంతుందో చూడటం నా లెక్కలో అన్నిటికంటే నమ్మకమైన కొలత. పుట్టినరోజు కేకులు, ఎంప్లాయీ ఆఫ్ ద మంత్ ఫొటోలు ఆ దూరాన్ని ఒక్క అడుగు కూడా తగ్గించవు.

అమెరికాలో ఎమ్‌ఐటీలో పాఠాలు చెప్పిన ఎడ్గార్ షైన్ సంస్థ సంస్కృతిని మూడు పొరలుగా విడదీశాడు. మొదటిది కంటికి కనపడేది: కుర్చీలు, యూనిఫారాలు, ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తారు, ఎవరి క్యాబిన్‌కి తలుపుంది. రెండోది నోటితో చెప్పుకునేది: గోడ మీది ఫ్రేము, ఓనర్ గారి ఆగస్టు పదిహేను ప్రసంగం. మూడోది అడుగున ఉంటుంది. ఎవరూ పైకి అనరు, అయినా అందరూ దాన్నిబట్టే నడుచుకుంటారు. "ఓనర్ కారు గేటు దాటేదాకా సీట్లోంచి లేవకూడదు." "తప్పు ఎక్కడుందో ముందు చూపించినవాడి మీదే ఆ తప్పు పడుతుంది." "సార్ అడిగితే నంబర్ చెప్పు, నిజం కాదు."

చిక్కంతా ఈ మూడో పొరతోనే. దాన్ని సర్క్యులర్ వేసి మార్చలేం, ఎందుకంటే సర్క్యులర్ వేసి తెచ్చింది కాదది. ఒకప్పుడు ఎవరో ఒకరు సమస్య వచ్చిందని ముందుకొచ్చి చెప్పారు. అప్పుడు ఏమైందో మిగతావాళ్లు చూశారు. కోర్టుల్లో పాత తీర్పులు కొత్త కేసులకి దారి చూపినట్టు, ఆ రోజు జరిగింది తర్వాత వచ్చే ప్రతివాడికీ ఒక తీర్పుగా నిలిచిపోతుంది. మూడేళ్ల కిందట మేనేజర్ ఒకసారి అరిచింది ఆయనకి గుర్తుండకపోవచ్చు. ఆఫీసుకి గుర్తుంటుంది. ఆయన అరుపు చూడనివాళ్లకి కూడా చేరిన మొదటి వారంలోనే, "ఆ విషయం సార్ దగ్గర ఎత్తమాకు" అని ఎవరో ఒకరు చెప్పి పెడతారు. కొత్తవాడికి జరిగే అసలైన ట్రైనింగ్ అదే.

ఈ మాట ఓనర్ల దగ్గర అంటే ఒకే జవాబు వస్తుంది: "మనుషులే అట్టాంటోళ్లండీ. ఈ కాలం కుర్రాళ్లకి బాధ్యత లేదు." దీనికి నాకు తెలిసిన గట్టి జవాబు ఒక కార్ల ఫ్యాక్టరీ కథ.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కి ఒక ఫ్యాక్టరీ ఉండేది. ఆ కంపెనీ ఫ్యాక్టరీలన్నిటిలోకీ అధ్వాన్నమైన వాటిలో ఒకటిగా దానికి పేరు. పనికి రానివాళ్లు ఒక్కో రోజు ఐదో వంతు దాకా ఉండేవాళ్లు. డ్యూటీలో మందు తాగేవాళ్లు. మేనేజర్ల మీద కోపంతో కావాలనే బండ్లు పాడుచేసిన సందర్భాలున్నాయి. యూనియన్ ఫిర్యాదులు కుప్పలుగా పేరుకున్నాయి. అక్కడ మార్చరాని నియమం ఒకటే: లైన్ ఆగకూడదు. బిగించిన భాగం తప్పని కళ్ల ముందు తెలుస్తున్నా బండి ముందుకే పోవాలి, చివర్లో ఎవరో సరిచేసుకుంటారు. 1982లో దాన్ని మూసేశారు.

1984లో జనరల్ మోటార్స్, టొయోటా కలిసి అదే షెడ్డుని మళ్లీ తెరిచాయి. పేరు నూమి. నడిపే బాధ్యత టొయోటాది. తీసుకున్న కార్మికుల్లో అత్యధికులు పాతవాళ్లే, యూనియనూ పాతదే. జనరల్ మోటార్స్ వాళ్లకే ఇది పిచ్చిపని అనిపించింది. కొన్ని వందల మందిని జపాన్‌లోని టొయోటా ఫ్యాక్టరీకి పంపి పని చూపించారు. రెండేళ్లు తిరిగేసరికి గైర్హాజరు 2 శాతం చుట్టూకి దిగింది. అక్కడ తయారైన కార్ల నాణ్యత జపాన్ ఫ్యాక్టరీలతో సరితూగింది. ఒంట్లో ఉన్నది అదే రక్తం, చేతుల్లో ఉన్నది అవే స్పానర్లు.

మారిందేంటి? పేరుపడ్డది తాడు. లైన్ పొడుగునా ఒక తాడు వేలాడుతుంది. ఏదైనా తేడా కనపడితే ఏ కార్మికుడైనా దాన్ని లాగొచ్చు. లాగిన వెంటనే లైన్ ఆగదు. దీపం వెలిగి పాట మోగుతుంది, టీమ్ లీడర్ వస్తాడు. బండి ఫలానా గీత దాటేలోపు ఇద్దరూ కలిసి సరిచేస్తే సరే, లేకపోతే అక్కడ లైన్ ఆగుతుంది. టీమ్ లీడర్ వచ్చి "ఎందుకు లాగావు" అని గుడ్లురమడు, ఏం కావాలో అడుగుతాడు. నన్నడిగితే ఆ కథలో తాడు కంటే ముఖ్యమైనది ఆ వచ్చే మనిషి. తాడు ఎవరైనా కట్టొచ్చు, నాలుగు వందలకి దొరుకుతుంది. లాగినప్పుడు పరుగెత్తుకొచ్చే టీమ్ లీడర్ ఉండాలంటే అతనికి వేరే పని తగ్గించాలి, అతని పైవాడు నంబర్లు పడిపోయాయని అరవకుండా ఉండాలి, ఆ పైవాడికి కూడా అదే వర్తించాలి. వరస మొత్తం మారాలి.

రెండోది అంతగా చెప్పుకోనిది: ఉద్యోగ భద్రత. పని పద్ధతి మెరుగుపరిచినందుకు ఎవరి ఉద్యోగమూ పోదని ముందే మాటిచ్చారు. 1980ల చివర్లో అమ్మకాలు పడిపోయినప్పుడు మనుషుల్ని ఇంటికి పంపకుండా ట్రైనింగుల్లో పెట్టి మాట నిలబెట్టుకున్నారు. తన సలహా వల్ల తన పక్కవాడి పొట్ట కొట్టినట్టవుతుందని తెలిస్తే ఏ కార్మికుడు సలహా ఇస్తాడు? ఇక మేనేజర్లూ కార్మికులూ ఒకే క్యాంటీన్లో తినడం లాంటివి కూడా చేశారు. అవి బాగానే ఉంటాయిగానీ, అవి చూసి వచ్చినవాళ్లు తమ ఆఫీసులో క్యాంటీన్ ఒక్కటే మార్చి ఊరుకుంటారు.

అసలు పాఠం తర్వాత జరిగింది. జనరల్ మోటార్స్ ఇదే పద్ధతిని లాస్ ఏంజెలెస్ దగ్గర వాన్ నైస్ ఫ్యాక్టరీలో పెట్టబోయింది. కుదర్లేదు. మేనేజర్లు అధికారం వదులుకోలేదు, కార్మికులు నమ్మలేదు. 1992లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

ఇప్పుడు చెడువార్తని పైకి చెప్పడం దగ్గరికి వద్దాం. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే హార్వర్డ్ పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పనిచేసింది. కలిసికట్టుగా పనిచేసే నర్సుల బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకుంది. లెక్కలు చూస్తే తలకిందులుగా వచ్చాయి. మంచి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. తవ్వి చూస్తే తేలిందేమిటంటే, వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, జరిగినవి దాచకుండా చెప్తున్నారు. మిగతాచోట్ల హెడ్ నర్సుకి భయపడి కప్పిపెడుతున్నారు. 1999లో ఆమె దీన్ని ఇంకో కంపెనీలోని 51 బృందాల మీద పరిశీలించి సైకలాజికల్ సేఫ్టీ అన్న పేరుతో రాసింది. నోరు విప్పితే నలుగురిలో పరువు పోదన్న ధీమా అన్నమాట. 2012 నుంచి గూగుల్ తన దగ్గరి 180 బృందాల్ని పరిశీలించినా ఇదే పైకి తేలింది. టీములో ఎవరున్నారన్న దానికంటే, ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతున్నారన్నదే ఎక్కువ తేడా తెచ్చింది.

సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఆసుపత్రులు నడిపే డాక్టర్లు ఈ ఫలితాన్ని ఒకసారి తమ రిజిస్టర్ ముందు పెట్టుకుని చూసుకోవాలి. ఏడాదంతా ఒక్క మందు పొరపాటు కూడా రాయని వార్డు ఉందంటే అది గర్వపడే విషయం కాదు, గుండె దడ పుట్టాల్సిన విషయం. మన దగ్గర ఇంకో అడ్డు ఉంది. పెద్దాయన ముందు జూనియర్ నర్సు "సార్, ఎడమ వైపు కాదేమో" అనడం మర్యాదకే భంగం. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్న ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు లేదు, ఎందుకంటే పిల్లే ఆమె జీతం రాస్తుంది.

దీనికి విరుగుడుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం ఒక చెక్‌లిస్టు తెచ్చింది. కోత పెట్టేముందు అందరూ తమ పేరు, పని చెప్పుకోవాలి. రోగి ఎవరు, ఆపరేషన్ ఏది, ఏ వైపు అన్నది పైకి అనాలి. పేరు చెప్పుకోవడమేమిటి, నామోషీ అనిపించొచ్చు. ఒకసారి తన పేరు పైకి చెప్పిన మనిషికి రెండోసారి నోరు తెరవడం తేలిక, అదీ ఇందులో కిటుకు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ప్రయత్నించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

ఆ తర్వాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో దీన్ని ఆసుపత్రులన్నిటికీ తప్పనిసరి చేశారు. 101 ఆసుపత్రుల లెక్కలు తీసి 2014లో ప్రకటిస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. దాదాపు అందరూ టిక్కులు పెట్టామనే చెప్పారు. అదే కాగితం, అవే ప్రశ్నలు. ఎందుకు పనిచేయలేదన్న దానిమీద వాదోపవాదాలు జరిగాయి. టిక్కు పెట్టడం వేరు, ఆగి ఒకరి మాట ఒకరు వినడం వేరు అన్న వాదనే నాకు సబబుగా తోస్తుంది. మన ఆఫీసుల్లో ఐఎస్‌ఓ ఆడిట్ ముందు రోజు రాత్రి రిజిస్టర్లన్నీ ఒకే పెన్నుతో నిండటం చూసినవాళ్లకి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక ఫ్యామిలీ సంగతి. విజయవాడలో బట్టల షాపు నుంచి ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ దాకా ఎక్కడికెళ్లినా వినపడేది ఒకే మాట: "ఇక్కడందరం ఒకే ఫ్యామిలీ అండీ." ఈ మాటని కొట్టిపారేయను. డ్రైవర్ కూతురి పెళ్లికి ఓనర్ లక్ష రూపాయలు సర్దడం, గుమస్తాకి గుండెపోటొస్తే ఆయన భార్య వచ్చి ఆసుపత్రిలో కూర్చోవడం ఈ ఊళ్లో మామూలుగా జరిగేవే. పెద్ద కార్పొరేట్ కంపెనీల్లో ఇది దొరకదు. అయితే కుటుంబం అన్న మాటతో పాటు కుటుంబంలోని మిగతా సరంజామా కూడా వచ్చేస్తుంది. పెద్దాయన మాటకి ఎదురుచెప్పకూడదు. ఆదివారం రమ్మంటే రావాలి, ఓవర్‌టైం అడిగితే "మనలో మనకి లెక్కలేంటి" అంటారు. అకౌంట్స్‌లో ఓనర్ గారి బామ్మర్ది ఉంటాడు, ఆయన తప్పు పట్టుకున్నవాడికి ఆ ఇంట్లో చోటుండదు. పైగా వ్యాపారం తగ్గినప్పుడు బయటికి పంపేది పనివాళ్లనే. కొడుకుని కాదు, కోడల్ని కాదు. అప్పుడు మాత్రం అది కంపెనీ.

ఇంకా లోపలికెళ్తే "మనోడు" అన్న మాట ఉంది. పనేం వచ్చో అడగకముందే ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీస్తారు. మనం ఊరు అడిగేది చాలాసార్లు కులం తెలుసుకోవడానికే, ఇందులో దాపరికం ఎందుకు? మనోళ్లకి నమ్మకం ముందే దొరుకుతుంది. బయటివాళ్లు దాన్ని సంపాదించుకోవాలి, ఎంత సంపాదించినా పూర్తిగా రాదు. ఒకే జీతాల పట్టీ మీద రెండు జట్లు తయారవుతాయి. లోపలి జట్టులో కలుపుగోలుతనం ఎక్కువే, దాన్ని చూసి ఓనర్ తన సంస్థలో ఐకమత్యం బాగుందనుకుంటాడు. అక్కడ లేనిది రెండో గొంతు.

ఆ రెండో గొంతు విలువ ఎంతో 1950ల మొదట్లో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. కాగితం మీద గీతలు గీసి, ఏది దేనితో సమానమో చెప్పమన్నాడు. చిన్నపిల్లాడు కూడా చెప్పగలిగిందే. అయితే గదిలో ఒక్కడు తప్ప మిగతా అందరూ ముందే కూడబలుక్కున్నవాళ్లు, కావాలని తప్పు చెప్తారు. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా కళ్ల ముందున్నది కాదని పదిమంది మాటకే తలూపారు. ఆ గుంపులో ఒక్కడు నిజం చెప్పేలా ఏర్పాటు చేస్తే ఈ లొంగుబాటు బాగా పడిపోయింది. గది మొత్తం మారక్కర్లేదు, ఒక్క తోడు చాలు. అందరూ మనోళ్లే అయిన గదిలో ఆ ఒక్కడు దొరకడు.

ఇది తెలిసిన మేనేజర్ మీటింగ్ నడిపే పద్ధతిలో చిన్న మార్పు చేసుకోవచ్చు. ముందు తన అభిప్రాయం చెప్పి తర్వాత మిగతావాళ్లని అడిగితే వచ్చేది తన మాటకి ప్రతిధ్వనే. అందరికంటే జూనియర్‌తో మొదలుపెట్టి తాను చివర్లో మాట్లాడాలి. "డౌట్లున్నాయా?" అని అడిగితే లేవనే అంటారు. "ఈ పని ఆగిపోతే ఎక్కడ ఆగుతుంది?" అని అడిగితే ఎవరో ఒకరు చెప్తారు, ఎందుకంటే ఇప్పుడు చెప్పకపోవడం తెలివితక్కువతనంలా కనపడుతుంది. ఖర్చు లేని పనే, కానీ మాట్లాడకుండా ఆగడం మన పెద్దమనుషులకి ఎంత కష్టమో చూస్తూనే ఉన్నాం.

మనుషులు పెరిగే కొద్దీ పని పెరగదన్నది వేరే చిక్కు. పదిమందిలో పాము చావదని మనవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. ఫ్రాన్సులో మాక్స్ రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి దాన్ని కొలిచి, 1913లో అచ్చువేశాడు. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరు పెట్టింది తమ బలంలో సగం. (టీమ్ బిల్డింగ్ పేరుతో తాడు లాగించేవాళ్లకి ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుండు.) ఎవరి వంతు ఎంతో కనపడనిచోట చేతులు వాటంతటవే సడలుతాయి. మన కాలంలో దీనికి చిరునామా వాట్సాప్ గ్రూపు. "గ్రూపులో పెట్టాను సార్" అంటాడు పెట్టినవాడు. ముప్పై మంది బొటనవేలు చూపిస్తారు. పని మాత్రం ఎవరిదీ కాదు. మిర్చి ముఠాలో ఈ జబ్బు అంతగా కనపడకపోవడానికి కారణం వాళ్ల మంచితనం కాదు. ప్రతివాడి వీపు మీది టిక్కీ అందరికీ కనపడుతుంది.

కనపడటం అన్నది ఎంత పనిచేస్తుందో పొదుపు సంఘాలు చూపించాయి. 1980ల్లో కేంద్రం మొదలుపెట్టిన డ్వాక్రా పథకం మన రాష్ట్రంలో 1990ల్లో ఊరూరా పాకింది. సంఘాలకి పంచసూత్రాలని ఐదు అలవాట్లు పెట్టారు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపలే అప్పులు ఇచ్చుకోవడం, వేళకి తిరిగి కట్టడం, పుస్తకాలు ఎప్పటికప్పుడు రాయడం. ఇందులో నిజాయితీ అన్న మాట ఎక్కడా లేదు. గుండ్రంగా కూర్చుని, డబ్బు అందరి ముందూ పెట్టి, ఎవరి బాకీ ఎంతో పైకి చదివితే నిజాయితీ దానంతటదే వస్తుంది. చదువురాని ఆడవాళ్లు నడిపిన ఈ సంఘాల పుస్తకాలు కొన్ని కంపెనీల బోర్డు మినిట్స్ కంటే నమ్మదగ్గవి, ఈ మాట మీద నేను నిలబడతాను.

అయితే గుంపు బలం ఎటైనా తిరుగుతుంది. ఇదే అలవాటుని చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వాడుకున్నాయి. ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్లు కట్టాలి. వసూళ్ల ఒత్తిడికి సాటి సభ్యులే ఆమె గుమ్మం ముందు కూర్చున్న రోజులున్నాయి. ఆత్మహత్యలు జరిగి గొడవ పెరిగాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీలకి కళ్లెం వేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. యార్డు ముఠాలు కూడా బయటివాడికి అంత తేలిగ్గా తలుపు తీయవు. బలమైన సంస్కృతి అని మెచ్చుకునేముందు ఆ బలం ఎవరి మీద పడుతోందో అడగాలి.

కష్టమొస్తే అందరం ఒకటవుతాం కదా అని ఇంకో సమాధానం వస్తుంది. నిజమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, ఏడాది పొడుగునా ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు కూడా కలిసి పులిహోర పొట్లాలు కట్టారు. వరదలో ఏం చెయ్యాలో అందరికీ ఒకేలా తెలుసు, పైవాడి మొహం చూడాల్సిన పని లేదు. నీళ్లు తీసేశాక వచ్చిన మామూలు మంగళవారం నాడు, ఆ ఆఫీసుల్లోనే "ఓకే సార్"లు మళ్లీ మొదలయ్యాయి.

మామూలు రోజుల్లో అందరూ గమనించేది ఒకటే: ఎవరు పైకి వెళ్తున్నారు, ఎవరిని భరిస్తున్నారు. నెలకి అందరికంటే ఎక్కువ సేల్స్ తెచ్చే ఒకడుంటాడు. కింది కుర్రాళ్లని బూతులు తిడతాడు, పక్కవాడి కస్టమర్ని తన ఖాతాలో వేసుకుంటాడు. ఓనర్‌కి తెలుసు. "ఏం చేస్తాం, బిజినెస్ తెస్తాడు కదా." ఆ మాట అన్న రోజున గోడ మీది ఫ్రేముని చెత్తబుట్టలో వేసినా నష్టమేమీ లేదు. అతను తెచ్చేది పుస్తకాల్లో కనపడుతుంది. అతని వల్ల మానేసిన ముగ్గురు మంచి కుర్రాళ్లకి అయిన ఖర్చు ఏ కాలమ్‌లోనూ రాయరు, అందుకే అతను ఎప్పుడూ లాభంగానే కనపడతాడు. ఇలాంటివాణ్ణి ఒక్కసారి నలుగురికీ తెలిసేలా హద్దులో పెడితే, పది ట్రైనింగులు చేయలేని పని అవుతుంది. చాలామంది ఓనర్లు ఆ ఒక్క పనీ చేయకుండా పదకొండో ట్రైనింగ్ పెట్టిస్తారు.

ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డు ఒకటి ఊహించుకోండి. రేపు పొద్దున డెలివరీ. ఫ్లోరు కింద అడ్డంగా వేసిన ఇనుప చానల్ ఒకటి పక్కకి జరిగినట్టు హెల్పర్ కుర్రాడికి అనుమానం వచ్చింది. మేస్త్రీ అవతలి లారీ దగ్గర ఉన్నాడు. ఓనర్ ఫోన్లో పార్టీతో "రేపు గ్యారంటీ అండీ" అంటున్నాడు. కుర్రాడు చెప్తే ఏమవుతుంది? వెల్డింగ్ కోసి మళ్లీ వేయాలి, సగం రోజు పోతుంది, పార్టీ తిడతాడు. ఈ నష్టాన్ని మొదటిసారి ఓనరే భరించాలి, నలుగురి ముందూ, విసుగు మొహంలో కనపడనివ్వకుండా. తాడు కట్టడమంటే ఇదే, ఇందులో తప్పించుకునే దారి లేదు.

ఇది చేయగలిగిన ఓనర్లు ఉన్నారు. తప్పు నిజంగానే ఉంటే కుర్రాణ్ణి మెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు కూడా, రోడ్డు మీద విరిగితే ఎంతయ్యేదో లెక్క తెలుస్తుంది కాబట్టి. కష్టం ఇంకోచోట ఉంది. కోసి చూశాక చానల్ సరిగ్గానే ఉందని తేలితే? సగం రోజు పోయింది, రాడ్లు పోయాయి, తప్పేమీ లేదు. అప్పుడు మేస్త్రీ "నీ కళ్లు పరీక్ష చేయించుకోరా" అని నవ్వితే షెడ్డంతా నవ్వుతుంది. మళ్లీ నిజంగా చానల్ జరిగిన రోజున ఆ కుర్రాడు హోల్డర్‌కి కొత్త రాడ్డు పెట్టుకుని తన పని తాను చూసుకుంటాడు. లారీ మర్నాడు పొద్దున్నే పదిహేను టన్నుల సిమెంటు ఎత్తుకుని మాచర్ల నుంచి బయల్దేరుతుంది.